కుడి పురి

నవంబర్ 4, సోమవారం. కోరుట్ల

ఈ నోటుబుక్కు ల్యాబ్ రికార్డుల కోసం తెచ్చింది. రికార్డులు ఎవరూ చదవరు, దిద్దే నేను కూడా. అందుకే ఇందులో రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా నెత్తి పగిలిపోయేటట్టుంది.

పొద్దున టీ గ్లాసు చేతికివ్వగానే బాపు మళ్లీ అదే పాట. "బిడ్డా, నా మోకు ఏడున్నదే?"

నలభై ఏళ్లు ఆ తాడును నడుముకూ తాటిచెట్టుకూ కలిపి చుట్టుకుని కల్లు గీసిన మనిషి. ఏప్రిల్‌లో అదే మోకుతో ఎక్కి పైనుంచి పడ్డాడు. తుంటిలో రాడ్డు, కుడి ముంజేతిలో ప్లేటు. ఏడు నెలలుగా నా దగ్గర ఉంటున్నాడు. "మోకు తప్పేం లేదు, కాలు జారింది" అని వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు, మోకు మీద ఎవరో కేసు పెట్టినట్టు.

"గంభీరావుపేటల ఉన్నది బాపు. పోశం తాన" అన్నాను.

గంభీరావుపేట మా ఊరు, పోశం మా మేనత్త కొడుకు. వాడి దగ్గర లేదు. మా కాలేజీ బోటనీ ల్యాబ్ బీరువాలో, కింది అరలో, స్పెసిమెన్ సీసాల వెనక ఉంది. నేను దాచలేదు. భద్రంగా పెట్టాను, అంతే.

అది చాలదన్నట్టు ప్రిన్సిపాల్ చీటీ పంపాడు. డిసెంబర్ 6న జగిత్యాలలో బోధనోపకరణాల మేళా అట. "బోటనీ: కేంద్రకామ్లాలు, నిర్మాణం, విధులు. మోడల్ ఆరడుగులకు తగ్గరాదు." కంటికి కనబడని వస్తువు ఆరడుగులుండాలి. నిజానికి మనిషి కణం ఒక్కదానిలోని డీఎన్ఏ మొత్తం సాగదీస్తే రెండు మీటర్లుంటుంది, అంటే ఆరడుగుల పైమాటే. ఆ సంగతి ఆయనకు తెలియదు. పొరపాటున సరైన మాట అన్నాడు.

నవంబర్ 6, బుధవారం

థర్మాకోల్‌తో చేద్దామనుకున్నాను. అటెండర్ మొగిలి, "థర్మాకోల్ బస్సులోనే ఇరుగుతది మేడం, పోయినసారి గుండె గట్లనే ఇరిగింది" అని గుర్తు చేశాడు. పోయినసారి జువాలజీవాళ్ల గుండె రెండు ముక్కలై జగిత్యాల చేరిన మాట నిజమే.

తాడుతో చేస్తే? రెండు లావు తాళ్లు, మధ్యలో రంగు వేసిన వెదురు పుల్లలు. తాడు పేనేవాడు ఇంట్లోనే ఖాళీగా కూర్చుని ఉన్నాడు. వేళ్లకు పని చెప్పమని ఎముకల డాక్టరు కూడా అన్నాడు. మొగిలిది సారంగాపూర్, తాటి నార కట్ట రేపు తెస్తానన్నాడు.

ఇది మోడల్ కోసమే. బాపు ధ్యాస చెట్టు మీద నుంచి మళ్లించడానికి కాదు. రెండూ ఒకేసారి అయితే నేనేం చేయను.

నవంబర్ 9, శనివారం

ల్యాబ్ గోడ మీద చార్టును సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి తెచ్చి చూపించాను. పద్నాలుగేళ్ల కింద నేను ఉద్యోగంలో చేరిన ఏడే కొన్న చార్టు.

"గిదేం నిచ్చెననే? మనిషి ఎక్కుడు కష్టమే" అన్నాడు.

"మనిషి ఎక్కేది కాదు బాపు. మన ఒంట్ల కణాలల్ల ఉంటది. పక్కల ఉన్న రెండు తాళ్లు చక్కెర, ఫాస్ఫేటుతోటి అయినయి. నడుమ పుల్లలే అసలు సంగతి. అవి నాలుగు రకాలు. అడినిన్‌కు ఎదురుంగ థైమినే ఉంటది. గ్వానిన్‌కు ఎదురుంగ సైటోసినే. ఇంకోటి జత కాదు."

"మేనరికమన్నట్టు. బయటి సంబంధం చేసుకోరు."

"అనుకో. అడినిన్, థైమిన్ నడుమ రెండు బంధాలు. గ్వానిన్, సైటోసిన్ నడుమ మూడు."

"అయితె రెండున్న కాడ జెల్ది ఇప్పుకుంటది" అన్నాడు, నారను నీళ్లలో తడుపుతూ.

నిజమే. పద్నాలుగేళ్లలో ఒక్క స్టూడెంటూ ఈ మాట తనంతట తాను అనలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆర్ఎన్ఏ కూడా చెప్పాను. పుల్లల వరుసే రాత అనీ, ఏ ప్రోటీన్ ఎట్లా కట్టాలో అందులో ఉంటుందనీ, అసలు రాత కేంద్రకం దాటి బయటకు రాదనీ, దాని నకలు మాత్రం ఆర్ఎన్ఏ రూపంలో రైబోసోమ్ దగ్గరికి పోయి పని చేయిస్తుందనీ.

"గదా. పట్టా పాసుబుక్కు ఇంట్లనే ఉంటది, జిరాక్సు పట్టుకొని ఆఫీసుకు పోతరు. ఎరుకనే." తడిసిన నార పిండుతూ, "బిడ్డా, నా మోకు పోశంకు ఫోన్ చేసి తెమ్మనరాదు" అన్నాడు.

అంత సేపు చెప్పింది బూడిదలో పోసిన పన్నీరే.

నవంబర్ 12, మంగళవారం

మళ్లీ మోకు. మళ్లీ పోశం పేరు చెప్పాను.

నవంబర్ 14, గురువారం

నిచ్చెన అయింది. పెరట్లో దండెం కొయ్యకు వేలాడదీశాడు. నున్నగా, గట్టిగా, చూడ ముచ్చటగా ఉంది. కానీ మెలిక చార్టులో ఉన్నట్టు లేదు, తిరగబడి ఉంది. చార్టులో మనకు ఎదురుగా కనబడే తాళ్లు ఎడమ పక్కకు ఎగబాకుతాయి. బాపు కట్టినవి కుడి పక్కకు ఎగబాకుతున్నాయి.

"బాపు, గిది ఉల్టా అయింది."

"తాడు గట్లనే ఉంటది."

"ఫోటోల ఉన్నట్టు కావాలె. ఇప్పి మళ్ల కట్టు."

విప్పాడు. ఇంకో కట్ట నార కావాలన్నాడు. విప్పినప్పుడు పాడవుతుందట.

నవంబర్ 17, ఆదివారం

మస్కట్ నుంచి కుమార్ ఫోన్ చేశాడు. బీరువా తాళాలుండే మొగిలిని వదిలేస్తే, మోకు సంగతి తెలిసిన మనిషి నా మొగుడొక్కడే. "ఆయన వస్తువు ఆయనకిచ్చెయ్ రజని" అన్నాడు.

"ఇస్తె ఎక్కుతడు."

"అడిగినవా, ఎక్కుతవా అని?"

అడగడమెందుకు? కల్లు గీసేవాడు మోకు దేనికి అడుగుతాడు, బట్టలారేయడానికా? రెండు వేల కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో కూర్చుని సలహాలివ్వడం తేలిక. పెట్టేశాను.

మధ్యాహ్నం బాపు పక్కన కూర్చుని పుల్లలకు రంగులు వేశాను. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకోదు కదా, టీచరు నోరు. కణం రెండయ్యే ముందు డీఎన్ఏ ఎట్లా రెండవుతుందో చెప్పాను.

"నిచ్చెన నడిమిట్లకెల్లి చీలుతది బాపు. రెండు పేటలు ఏరువడుతయి. ఒక్కొక్క పాత పేటను చూసుకుంట దానికి ఎదురుంగ కొత్త పేట కడుతరు. ఆఖరుకు రెండు నిచ్చెనలు. ఒక్కొక్కదాంట్ల ఒకటి పాత పేట, ఒకటి కొత్తది."

బాపు చేతులు ఆగిపోయాయి. "పాత పేట పారెయ్యరా?"

"ఎట్ల పారేస్తరు? దాన్ని చూసే కదా కొత్తది కట్టేది. దాన్ని అర్ధసంరక్షక ప్రతికృతి అంటరు."

"పేరేదన్న గానీ" అని చాలాసేపు నార వైపే చూస్తూ ఉండిపోయాడు. నాకు ముచ్చటేసింది, ఎంత బాగా వింటున్నాడో అని. అప్పుడు తలెత్తి అన్నాడు, "గందుకే అడుగుతున్న బిడ్డా. నా మోకు కావాలె."

బ్రష్ అక్కడే పడేసి లేచి పోయాను. ఈయనకు పాఠం చెప్పడం, రాయికి నీళ్లు పోయడం రెండూ ఒకటే.

నవంబర్ 20, బుధవారం

రెండోసారి కట్టాడు. మళ్లీ అదే మెలిక. మళ్లీ విప్పించాను. మళ్లీ నార కట్ట. మొగిలి నవ్వు ఆపుకుంటూ, "సారంగాపూర్ల తాటిచెట్లన్ని ఒడుస్తయి మేడం" అన్నాడు.

యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాను. అందరిదీ ఒకే జవాబు, నా డిక్టేషనే: రెండు పోగులు, ఎదురెదురు దిశలు, కుడి మెలి, మెలికకు పది జతలు. చిలకల్లాగా రాస్తారు. రచన అని ఒక పిల్ల ఉంది. తంగళ్ళపల్లి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటుంది, వాళ్ల నాన్నది మరమగ్గాల మీద పని. తెలివైనదే, కానీ బొమ్మ తిరగేసి వేసింది. అర మార్కు కోసి, "చార్టు చూసి వేయి" అని రాశాను. ఇంట్లో బాపు, క్లాసులో ఈ పిల్ల. ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు.

నవంబర్ 24, ఆదివారం

ఇవాళ జరిగింది రాయకూడదనే అనుకున్నాను.

మూడోసారీ అట్లాగే కట్టాడు.

"బాపు, ఫోటో చూస్తలేవా?"

"చూస్తున్న."

"మరి?"

"గటు తిప్పితె పేటలు ఇప్పుకుంటయి. నిలువది."

"నిలువకుంటె మొల కొడుత. నువ్వు ఎడమకు తిప్పు."

"తిప్ప."

ఈ మనిషి నాకు ఎన్నడూ లేదు, కాదు అనలేదు. డిగ్రీకి కరీంనగర్ పోతానంటే పో అన్నాడు, చెట్లు ఎక్కి ఎక్కి చదివించాడు. ఇప్పుడు ఒక తాడు దగ్గర మొండికేశాడు. ఎందుకు తిప్పవని గట్టిగా అడిగాను.

"ఎడమ పురి పాడె తాడుకు పేనుతరు" అన్నాడు. "బతికినోళ్లు వట్టుకునే తాడు కుడి పురే ఉండాలె. మీ అవ్వ పోయిన్నాడు పేనిన ఎడమకు. మళ్ల పేన. నువ్వేమో గిది బతికినోళ్ల ఒంట్ల ఉండేదంటివి."

నాకు ఒళ్లు మండిపోయింది. "గిది సైన్సు బాపు. నీ పాడె తాళ్ల ముచ్చట కాదు. మళ్ల చెట్టెక్కుత అని మోకు అడుగుతున్నవు చూడు, గప్పుడు అస్తది ఎడమకు పేనే పని. నాకే అస్తది."

అన్న తర్వాత నోరు మూసుకున్నాను. అంతకు ముందే మూసుకోవాల్సింది.

బాపు నిచ్చెనను కొయ్య మీద నుంచి దించాడు. చుట్ట చుట్టి నా గది గుమ్మం ముందు పెట్టి, తన మంచం దగ్గరికి పోయాడు.

నవంబర్ 25

మాట్లాడలేదు.

నవంబర్ 26

మాట్లాడలేదు. అన్నం తిన్నాడు. రెండు రోజుల సంది మోకు అడగలేదు. మంచిదే.

నవంబర్ 28, గురువారం

నిన్న పోశం ఫోన్ చేశాడు. "వదినె, డిసెంబర్ పదిహేనున గీత సంఘం మీటింగున్నది. ఈ సీజన్‌ల ఎక్కనోళ్ల చెట్లు ఇంకోలకు రాసిత్తరట. మామను తోలుకరా. మామ చెట్లు పద్దెనిమిదున్నయి."

ఇదన్నమాట. రాకపోతే చెట్లు పోతాయి, వస్తే ఎక్కాలి. పోనీ, పోతే పోనీ చెట్లు. నా జీతం సరిపోదా మా ఇద్దరికి? చూస్తాలే అని పెట్టేశాను. బాపుకు చెప్పలేదు. చెప్పాలని అనుకున్నాను, వేరే పనిలో పడి మరిచిపోయాను.

మరిచిపోలేదు.

డిసెంబర్ 1, ఆదివారం

సిరిసిల్ల పోయి వచ్చాను. బస్సులో వేములవాడ దాకా నిలబడే. సిరిసిల్ల మరమగ్గాల వీధిలో నూలుకు మెలి పెట్టే షెడ్డు ఒకటుందని రచన చెప్పింది. షెడ్డులో మిషన్ల మోత. అరుచుకుంటూ మాట్లాడాలి.

"కుడికా, ఎడమకా మేడం?" అని అడిగాడు అక్కడి మనిషి.

"ఎడమకు" అని అరిచాను.

అతను ఒక క్షణం చూశాడు. "ఎడమకేనా?"

"ఫోటో ఉంది చూడండి." చూశాడు. తల ఊపాడు. అరగంటలో రెండు లావు నూలు తాళ్లు చేతిలో పెట్టాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మిషన్‌తో ఇదే సుఖం, దానికి పెళ్లాం పాడె గుర్తుండదు.

ఇది చాలా దుర్మార్గమైన వాక్యం. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, నేను ఎట్లా తయారయ్యానో నాకు గుర్తుండాలి.

సిరిసిల్ల బస్టాండులో గంభీరావుపేట బస్సు నా ముందే ఆగి ఉంది. ఎక్కలేదు.

డిసెంబర్ 6, శుక్రవారం. జగిత్యాల

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొగిలీ నేనూ కలిసి నూలు తాళ్లతో కట్టిన మోడల్ తీసుకుపోయాం. వివరించడానికి రచన వచ్చింది. హాల్లో పాతిక మోడళ్లు. మాది అందరికంటే పొడుగు. నిర్ణేతల్లో ఒకామె రిటైరైన లెక్చరర్, ఇంద్రమ్మ గారు. డెబ్బై ఏళ్లుంటాయి, నూలు చీర, చేతిలో చిన్న స్కేలు.

నేను ఎప్పటిలాగే అందుకున్నాను. "రెండు పోగులు, ఎదురెదురు దిశలు, కుడి మెలి, మెలికకు పది జతలు."

"కుడి మెలి అంటే ఎట్లాగమ్మా?" అన్నారు ఆమె. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పమని అడుగుతున్నారనుకున్నాను.

"కుడిచెయ్యి బొటనవేలు పైకి పెట్టాలి మేడం. మిగిలిన వేళ్లు ఎటు ముడుచుకుంటాయో, తాడు అటు తిరుగుతూ పైకి పోవాలి." చెబుతూ చెబుతూ చెయ్యి మోడల్ మీద ఆనించాను.

వేళ్లు తాడు వెంబడి పడలేదు. అడ్డంగా పడ్డాయి.

ఇంకోసారి పెట్టాను. మళ్లీ అడ్డంగానే. అప్పుడు ఎడమచెయ్యి పెట్టి చూశాను. వేళ్లు తాడు వెంబడి చక్కగా కుదిరిపోయాయి. హాల్లో చప్పుడంతా ఆగిపోయినట్టనిపించింది. నిజానికి ఎవరూ ఆపలేదు, పక్క స్టాల్లో అగ్నిపర్వతం పొగ కక్కుతూనే ఉంది.

"చెప్పింది కరెక్టే" అన్నారు ఇంద్రమ్మ గారు నెమ్మదిగా. "కట్టింది ఎడమ."

"చార్టు చూసి కట్టాం మేడం."

"చార్టులు వేసేవాళ్లు చాలామంది తిరగేసి వేస్తారు. బొమ్మ అందంగానే ఉంటుంది." ఆమె స్కేలు సంచిలో పెట్టుకుని తర్వాతి మోడల్ దగ్గరికి వెళ్లిపోయారు.

రచన నేల చూపులు చూస్తోంది. దానికి ఎప్పటి నుంచో తెలుసు. నూలు మధ్య పుట్టిన పిల్లకు మెలి తెలియదా? "ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చార్టు చూసి వేయమని రాసిండ్రు కదా మేడం."

పద్నాలుగేళ్లు. నోటితో కుడి అంటూ, బెత్తంతో ఎడమను చూపించాను. ఏడాదికి ముప్పై మంది పిల్లలు. అందరికీ ఫుల్ మార్కులు.

డిసెంబర్ 7, శనివారం

ల్యాబ్‌కు పోగానే మోడల్‌ను తలకిందులుగా వేలాడదీయించాను. ఏమో, మారుతుందేమో. మారలేదు.

"తలకిందులు చేస్తే పురి మారదు మేడం. మీ బాపు చెప్పిండు" అన్నాడు మొగిలి.

"బాపు నీకెప్పుడు కలిశాడు?"

"నార ఇయ్య మీ ఇంటికి వస్త కదా. ఇద్దరం చాయ్ తాగుతం."

చార్టును గోడ మీద నుంచి పీకాను. కిటికీ వెలుతురుకు వెనక వైపు నుంచి పట్టుకుని చూస్తే బొమ్మ సరిగ్గా కుడికి తిరిగి ఉంది. అక్షరాలన్నీ మాత్రం ఉల్టా. దాన్ని చుట్టి బీరువా మీద పడేసి, కింది అర తాళం తీయమన్నాను.

మొగిలి తాళం తీస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "మోకు ఈడున్నదని మీ బాపుకు ఎరుకే మేడం. దీపావళి తెల్లారి మిఠాయి ఇయ్య వచ్చినప్పుడే అడిగిండు. నేను అబద్ధం చెప్పలేకపోయిన."

అంటే నవంబర్ అంతా తెలుసు. తెలిసే రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని నన్ను అడిగాడు. నేను రోజూ పోశం పేరు చెప్పాను.

మోకు బయటకు తీశాను. అరచేతుల చెమట తాగి తాగి నల్లబడి ఉంది. దాని మీద కుడిచెయ్యి ఆనించి, బొటనవేలు పైకి పెట్టాను. వేళ్లు కుదిరిపోయాయి.

డిసెంబర్ 8, ఆదివారం

పొద్దున టీ గ్లాసుతో పాటు మోకు కూడా మంచం మీద పెట్టాను. ఏం మాట్లాడాలో పొద్దున్నుంచి అనుకుంటూనే ఉన్నాను, తీరా నోట్లోంచి వచ్చింది ఇది: "నువ్వు కట్టిందే కరెక్టు బాపు. నాదే తప్పు."

"తాడుదా, మోకుదా?" అన్నాడు.

"రెండు."

టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మోకును ఒళ్లోకి తీసుకుని కొసలు తడిమి చూశాడు.

"ఈడున్నదని ఎరుకైనంక నువ్వే తెచ్చుకోరాదా బాపు? మొగిలిని అడిగితె ఇచ్చేటోడు."

"దాచినోళ్లే తెచ్చియ్యాలె. గుంజుకున్నది అక్కరకు రాదు."

అప్పుడు అడిగాను. కుమార్ ముందే అడగమన్న మాట, అప్పటి దాకా అడగని మాట. "ఎక్కుతవా?"

"ఏడ ఎక్కుదు బిడ్డా. కాలు మడుత వడ్తలేదు. పాయఖానలనే కూసోలేకపోతున్న." మోకు వైపు చూస్తూ అన్నాడు. "ఎక్కనని నోటితోటి ఎట్ల చెప్పాలె? నలభై ఏండ్లు ఎక్కినోన్ని. గీ మోకు పోశం చేతుల వెడితే, చెప్పకున్నా అందరికి ఎరుకైతదనుకున్న."

మంచం కింద నుంచి గోనెసంచి లాగమన్నాడు. లాగాను. అందులో కొత్త నార పేటలు రెండు, వేలెడు లావున, నున్నగా పేని చుట్ట చుట్టి ఉన్నాయి. నేను పాడైపోయిందని తిట్టుకుంటూ తెప్పించిన నారంతా ఇందులోనే ఉంది.

"మోకుకు మూడు పేటలు గావాలె. రెండే పేనినవేంది?" అన్నాను.

బాపు పాత మోకు కొస ముడి విప్పడం మొదలుపెట్టాడు. ప్లేటున్న చేతికి ముడి లొంగడం లేదు. సాయం పట్టబోతే వద్దన్నాడు. మూడు పేటలు విడిపోయాయి. రెండు గోధుమ రంగు. ఒకటి మిగతా రెండింటి కంటే సన్నం, నలుపు, రాయంత గట్టి.

"గిది మా బాపు మోకుల పేట. నేను చెట్టెక్కిన్నాడు మా బాపు నా మోకుల కలిపి పేనిండు. మా ఇంట్ల గట్లనే. పాతది ఒకటి, కొత్తయి రెండు. ఇగ గిది పోశం మోకులకు పోతది." నన్ను చూశాడు. "నువ్వు చెప్తివి కదనే ఆ పొద్దు. పాత పేట పారెయ్యరని. నీకు సమజైందనే అనుకున్న. లేచి పోతివి."

నేను లేచి పోయాను. బ్రష్ పడేసి లేచి పోయాను. అర్ధసంరక్షక ప్రతికృతి, ఎనిమిది మార్కుల ప్రశ్న. నా ముందు కూర్చుని నా తండ్రి నాకే చెబుతుంటే, రాయికి నీళ్లు పోసినట్టుందని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. పేజీ తిప్పి చూసుకున్నాను, ఉంది. ఏడ్చాను. బాపు ఏడవనిచ్చాడు, పని చేసుకుంటూ.

పదిహేనో తారీకు మీటింగు సంగతి కూడా చెప్పేశాను. "ఎరుకే. మొగిలి ఫోన్‌ల పోశం చెప్పిండు" అన్నాడు. ఈ ఊళ్లో మొగిలికి తెలియనిది డీఎన్ఏ ఒక్కటే.

మిగిలిన రెండు గోధుమ రంగు పేటలు నా చేతిలో పెట్టాడు.

"ఇవి నీకు."

"నేనేం చేసుకోను బాపు?"

"దాచుడు నీకు అలవాటే కదా. దాచు. నేను పోయిన్నాడు గీ రెంటితోనే కట్టుండ్రి." గొంతు మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. "గప్పుడు మాత్రం ఎడమకు పేనాలె. ఎవలనన్న అడుగు. నీకు కుడేదో ఎడమేదో ఎరుక లేదు."

కోపంగా చూశాను. నవ్వుతున్నాడు.

డిసెంబర్ 15, ఆదివారం. గంభీరావుపేట

సంఘం పెద్దల ముందు బాపు పోశం నడుముకు కొత్త మోకు చుట్టి కొలత చూశాడు. మూడు పేటల్లో ఒకటి నలుపు, దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. పద్దెనిమిది చెట్లూ పోశం పేరున రాశారు.

పోశం మొదటి చెట్టు ఎక్కుతుంటే బాపు కింద కర్ర పట్టుకుని నిలబడి, "ఎడమ కాలు, ఎడమ కాలు" అంటూ ఉన్నాడు. పోశం దిగి, "నాకెరుకే మామా" అన్నాడు విసుగ్గా. పోశం విసుక్కోవడం చూస్తే నాకు హాయిగా అనిపించింది.

తిరుగు బస్సులో సిరిసిల్ల దాటాక బాపు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

డిసెంబర్ 18, బుధవారం

సెకండియర్‌కు పాఠం మళ్లీ చెప్పాను. చార్టు తప్పు, పద్నాలుగేళ్లుగా నేనూ తప్పు అని చెప్పాను. బాపు కట్టిన నార నిచ్చెనను ల్యాబ్‌లో వేలాడదీశాం. ఒక్కొక్కరూ వచ్చి కుడిచెయ్యి ఆనించి చూశారు. రచన పేపర్ తెప్పించి అర మార్కు కలిపాను. "అర మార్కే కదా మేడం" అంది. కాదు అన్నాను.

రెండు పేటలూ బీరువా కింది అరలో, మోకు ఉన్నచోటే పెట్టాను. చీటీ మీద ఏం రాయమంటారని మొగిలి అడిగాడు. ఏమీ రాయొద్దన్నాను.

కాలేజీ నుంచి రాగానే రోజూ ఒక గంట బాపు దగ్గర కూర్చుని పేనడం నేర్చుకుంటున్నాను. నా పేటలు ముడులు ముడులుగా వస్తున్నాయి, బాపు నెత్తి కొట్టుకుంటున్నాడు. "పద్నాలుగేండ్లు ఏం చెప్పినవే పిల్లలకు" అంటాడు. కుడికి పేనడం కాస్త పట్టుబడింది.

ఎడమకు ఎట్లాగో నేను అడగలేదు. ఆయనా చూపించలేదు.